అది తుప్పు కాదండీ

ఇక్కడ న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన మీదికి ఈ రోజు పోట్లాటకే వెళ్ళాను. నా రైఫిల్‌కి లోపల అరిగిపోయిన పాత గొట్టం తీసి ఆయన వేసిన కొత్త బ్యారెల్ సరిగా కూర్చోలేదు. తూటా పెడితే బోల్ట్ మూసుకోవడం లేదు.

అసలు ఆ రైఫిల్ మా పక్కింటి గ్రేమ్‌ది. నాకు జింకల వేట నేర్పింది ఆయనే. ఏటా దసరాకి దాన్ని మా ఇంటికి తెచ్చేవాడు. నేను బ్యారెల్‌కి కుంకుమ బొట్టు పెట్టగానే, తన నుదురూ వంచేవాడు. మొన్న చలికాలంలో కన్నుమూస్తూ రైఫిల్ నాకిమ్మన్నాడట.

"తప్పు నాదే మేట్, మళ్ళీ బిగించి ఇస్తా," అన్నాడు పెద్దాయన.

"సరే, పాత బ్యారెల్ ఇచ్చేయండి."

"అదా? స్క్రాప్‌లో వేసేశాను. మొదలంతా ఎర్రగా తుప్పు పట్టింది కదా!"

"తుప్పు కాదండీ, అది మా పూజ కుంకుమ."

ఆయన తల దించుకున్నాడు. నాకూ పోట్లాడబుద్ధి కాలేదు.

తిరిగొస్తుంటే కారులో తట్టింది. వేట నుంచి రాగానే రైఫిల్‌ని అద్దంలా తుడిచే గ్రేమ్, ఇన్నేళ్ళుగా ఆ బొట్లు మాత్రం తుడవలేదు.

ఈ దసరాకి కొత్త బ్యారెల్‌కీ బొట్టు పెడతాను. వేలికి మిగిలిన కుంకుమ ఎవరి నుదుటికి పెట్టాలో మీరే చెప్పండి.