అమ్మకానికి పెట్టని పరుపు

కుటుంబ సభ్యుల తలకింత అని సౌదీలో రుసుము విధించిన ఆ కాలంలో మావంటి వారు ఇల్లు అమ్ముకొని సంతోషంగా స్వదేశం చేరారని కొందరు చెబుతున్నారు. అది సత్యం కాదు కనుక దీనిని రాసిపెట్టడం అవసరమని భావించాను.

నిన్న ఒక దుకాణంలో అరబ్బుల ధూపమైన బఖూర్ వాసనకు అల్ ఖోబర్‌లోని మా అద్దె ఇల్లు గుర్తుకు వచ్చింది. పరదేశీయులమైన మాకు అక్కడ అమ్ముకోవడానికి ఉన్నది సామాను మాత్రమే. కొనేవారికి తాలింపు వాసన తగలకూడదని సామాను అమ్మే రోజున అమ్మ ఉదయమే బఖూర్ వేసింది. అందరం కలిసి ఊరికి వెళ్తున్నామని నేను పొంగిపోయాను.

పాత సామాను కొనే హైదరాబాదీ సలీం భాయ్ మంచాలు, ఫ్రిజ్ బయటికి చేర్పించాడు. తలుపు వెనుక చుట్టిపెట్టిన ఒంటి పరుపును నాన్న మరిచిపోయారనుకొని నేను ఈడ్చుకొచ్చాను.

"చిచా, గిది గూడ తీస్కో!"

"షాబాష్ బేటా! మీ నాయినను గూడ నాకే అమ్ముతవా ఏంది?"

"నాయిన మాతోని ఊరికొస్తడు," అన్నాను.

సలీం భాయ్ నవ్వు ఆపి నాన్న వైపు చూశాడు.

"పరుపు ఈడనే ఉండనియ్యి బిడ్డా," అన్నారు నాన్న.

మా రుసుము కట్టలేక మమ్మల్ని పంపివేసి, తాను ఒంటరి మగవారి గదిలో పరుచుకునేందుకు దానిని ఉంచుకున్నారని నాకు విమానాశ్రయంలో గాని తెలియలేదు. ఆ తరువాత నా బాల్యంలో ఆయన మాకు సెలవులకు వచ్చే అతిథి మాత్రమే.

పరుపు చారలు నీలివని నా జ్ఞాపకం; ఆకుపచ్చవని అమ్మ అంటుంది. ఆ గదిలో ఆయన పక్కన నిద్రించినవారు, మాకంటే ఆయనను ఎక్కువ ఎరిగినవారు, దీనిని చదివితే నా పొరపాటును సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను.