మారెమ్మ ముయ్యి

వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసే ఊరు మాది. అలాంటి ఊళ్లో మారెమ్మ ఇల్లు వానకే కూలింది. ముసురు పట్టి, చౌడు మట్టి పరిచిన మిద్దె నాని కూలబడితే మారెమ్మ, మొగుడు తిప్పన్న, కూతురు గౌతమి కట్టుబట్టలతో బయటపడ్డారు. అప్పటి నుంచి బత్తలపల్లె రోడ్డు మీది బస్‌షెల్టరే వాళ్ల కాపురం.

చూసిన వాళ్లందరూ అయ్యో అన్నారు. అయ్యో అనడానికి ఒళ్లు వంచక్కర్లేదు కదా! తోటి పిల్లలు బడికి బస్సెక్కేది ఆ షెల్టర్ దగ్గరే. వాళ్లు వచ్చే వేళకు గౌతమి గోడ వెనక దాక్కునేది. చివరికి బడే మానేసింది.

చర్చి ఆడవాళ్ల తరఫున రెబెకా వచ్చి ఇంటికి రేకులు ఇప్పిస్తానంది. మారెమ్మ మొహం మీదే చెప్పేసింది.

"ధర్మం మాకొద్దక్కా. కష్టం చేసి తినేటోళ్లం. బెంగుళూరుకు పోతాండాం, ఆడ ఏదో ఒగ పని దొరక్కపోదు."

"మరి పిల్ల చదువు?"

మారెమ్మ చీపురందుకుని షెల్టర్ ఊడవసాగింది.

రెబెకా నోరు మంచిది కాదంటారు. ఆ నోరే అక్కరకొచ్చింది. మర్నాడు పొద్దున్నే పారలు, గంపలు పట్టుకున్న జనాన్ని వెంటేసుకొచ్చింది.

"నీకు ధర్మం ఎవరు చేస్తాండారమ్మే? ముయ్యి తీర్చేకి వచ్చినాం. మా చేన్లో శెనక్కాయ పీకేకి నువ్వు రాలేదా?"

ముయ్యి అంటే మా వైపు కష్టాన్ని చేబదులు ఇచ్చుకోవడం. ఈ రోజు నా చేనికి నువ్వొస్తే, రేపు నీ చేనికి నేనొస్తాను. తీర్చడానికి వచ్చినవాళ్లను వద్దనడం మర్యాద కాదు. మారెమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. అందరివీ నేల చూపులే. తనూ పార అందుకుంది.

గోడలు లేచాయి. రేకులు ఎవరింట్లోనో మిగిలాయట, అవీ వచ్చాయి. గౌతమి మళ్లీ అదే షెల్టర్ దగ్గర తోటి పిల్లలతో బస్సెక్కింది.

మరుసటి పంటకు, పిలవకుండానే మారెమ్మ రెబెకా చేన్లో కాయ పీకుతోంది.

"ఏమ్మే, ముయ్యి తీరిపాయ గదా, మళ్లా ఎందుకొచ్చినావు?" అంది రెబెకా.

మారెమ్మ తలెత్తలేదు.

"యాడ తీరిందక్కా? నీ చేన్లో నేను కాలు పెట్టింది ఈ పొద్దే గదా."

రెబెకా కొంగు నడుముకు దోపి పక్క సాలు పట్టింది.