అద్దం తీసేది లేదు

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు చెప్పింది నాంపల్లిలో బండ్లు బాగుచేసే మిస్త్రీ చాచా. "బేటా, మేడమ్ పోయిన్రు. పొద్దుగాల చాయ్ తాగి, పేపర్ చదువుకుంట కుర్చీలనే పోయిన్రు" అని ఫోన్లో ఏడ్చాడు. ఆఫీసులో చెప్పి, ఆటో పట్టుకొని ఆ గల్లీకి చేరేసరికి గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. దూరపు చుట్టాలేమో అనుకున్నాను. చావుకు వచ్చినవాళ్లలాగే మొహాలు పెట్టుకున్నారు. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, చాలా బాధగా ఉందమ్మా అని చెప్పి, ఆ మాట పూర్తయిందో లేదో, "మరి బండి విషయం ఏమనుకుంటున్నారు?" అన్నాడు. అత్తమ్మను ఇంకా పెట్టెలోకి కూడా చేర్చలేదు.

ఆ రోజు నుంచి బండి కొంటామనే ఫోన్లు ఆగలేదు. బెంగుళూరు నుంచి ఒకరు, బంజారాహిల్స్ నుంచి ఒకరు, ఎక్కడి నుంచో చెప్పకుండా ఇంకొకరు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది అత్తమ్మను తలుచుకోవడానికి రాస్తున్నదే. కాకపోతే ఆమెను తలుచుకుంటే బండి రాకుండా ఉండదు, బండి పేరెత్తితే పోట్లాట రాకుండా ఉండదు.

అత్తమ్మ ఆబిడ్స్‌లో టైపు నేర్పేది. పాత బిల్డింగు మేడ మీద పొడుగాటి గది, వరసగా మిషన్లు, టకటకలు కింద చెప్పుల షాపు దాకా వినబడేవి. నూలు చీర, మెడలో చిన్న సిలువ, చేతికి మగవాళ్ల వాచీ. మా తరం పిల్లలు సగం మంది ఆమె దగ్గరే టైపు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యారు. "వేళ్లను చూడకు పిల్లా, అవి యాడికి పోవు. కాయితం చూడు" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు "తీరలే" అని చెప్పేది. అంతకుమించి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఆటో ఎక్కినా, రిక్షా ఎక్కినా, దిగేటప్పుడు నడిపిన మనిషి మొహంలోకి తిన్నగా చూసి "వస్త అన్నా" అని చెప్పి దిగేది. చిన్నప్పుడు నాకు సిగ్గుగా ఉండేది, చెయ్యి పట్టి లాగేదాన్ని. "మనల్ని మోసినోని మొహం చూడకుంట దిగుతమా?" అని గదమాయించేది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మా తాత సంగతి చెప్పాలి.

తాత, అంటే అత్తమ్మ నాన్న, మెదక్ పక్క క్రైస్తవ మిషన్ ఊరి నుంచి పట్నం వచ్చి ఒక నవాబు గారి దేవిడీలో, అంటే పెద్ద బంగళాలో, డ్రైవరుగా కుదిరాడు. ఆ ఇంటి బేగం గారికి ప్రత్యేకంగా ఒక బండి ఉండేది. ఇంగ్లాండు నుంచి ఓడలో వచ్చిన బండి. కంపెనీ పేరు రాయను, రాస్తే ఫోన్లు ఇంకా పెరుగుతాయి. పళ్లేలంత లైట్లు, పక్కన ఎక్కి నిలబడడానికి మెట్టు, లోపల టేకులా మెరిసే చెక్క. అది జనానా మోటరు, ఆడవాళ్లు మాత్రమే ఎక్కేది. కిటికీలకు ఇత్తడి కడ్డీలు, వాటికి పర్దాలు. డ్రైవరుకూ వెనక సీటుకూ మధ్యనున్న గాజు పలకకు ఇంకో పర్దా. డ్రైవరు ముందర, వెనక్కి చూసుకునే అద్దం ఉండాల్సిన చోట ఏమీ లేదు. కంపెనీకి చెప్పి మరీ పెట్టనివ్వలేదట. తాత ఆ బండిని ఏళ్లకేళ్లు నడిపాడు. బేగం గారి గొంతు తెలుసు, దగ్గు తెలుసు, ఏ రోజు ఏ అత్తరు రాసుకున్నారో తెలుసు. మొహం మాత్రం తెలియదు.

పోలీస్ యాక్షన్ తర్వాత ఆ దేవిడీ చితికిపోయింది. వాళ్లు ఊరు విడిచి వెళ్లే ముందు బేగం గారు తాతను పిలిపించి, బండి నువ్వే ఉంచుకో అన్నారు. కాగితాలు కూడా ఆయన పేరు మీదికి మార్పించారు. అదంతా పర్దా వెనక నుంచే. చివరికి ఒక మాట అన్నారట. "డ్రైవర్ సాబ్, రేపు బజార్లో ఎదురుపడితే మీరు నన్ను గుర్తుపట్టలేరు. నేనే పలకరించాలి." తాత ఆ మాటను నమ్మాడు. ఆబిడ్స్‌లో బురఖా వేసుకున్న పెద్దావిడ ఎవరైనా ఎదురొస్తే ఒక నిమిషం ఆగి దారి ఇచ్చి నిలబడేవాడని అత్తమ్మ చెప్పేది. ఎవరూ పలకరించలేదు.

బండి ఇంటికొచ్చాక ఆయన మొదట పర్దాలు విప్పేసి, మధ్యనున్న గాజు పలక ఊడదీశాడు. తర్వాత బేగం బజారుకు పోయి, మంగలి షాపుల్లో ఉండే రకం అద్దం ఒకటి కొనుక్కొచ్చి, ఇనుప పట్టీ వేసి డ్రైవరు ముందర బిగించాడు. అయితే అన్నేళ్లు అద్దం లేకుండా నడిపిన మనిషి కదా, అది దేనికి పెడతారో ఆయన పట్టించుకోలేదు. వెనక రోడ్డు కనబడేటట్టు పెట్టాల్సింది, వెనక సీటు కనబడేటట్టు పెట్టాడు. నాయినమ్మను, పిల్లలను సీట్లో కూర్చోబెట్టి, అందరి మొహాలూ అందులో పట్టేదాకా అటూ ఇటూ తిప్పి, ఇక కదలకుండా వెల్డింగ్ చేయించేశాడు. ఆ బండిలో ఎవరెక్కినా దిగేటప్పుడు అద్దంలోకి చూసి "వస్తం" అని చెప్పి దిగాలి. అదీ మా ఇంటి పద్ధతి.

తాత పోయాక బండి రేకుల షెడ్డులో పడి ఉంది. నేను కాలేజీలో చేరేనాటికి దాని మీద పాత పరుపులు, చక్రాల కింద ఇటుకలు. తొంభైల్లో కంప్యూటర్లు వచ్చి టైపు క్లాసులు పలచబడ్డాయి. మిషన్లు ఒక్కొక్కటీ మూలకు చేరాయి. అందరూ అత్తమ్మ దిగులు పడుతుందనుకున్నారు. ఆమె మిస్త్రీ చాచాను పిలిచి షెడ్డు తలుపు తీసింది. "జమానా నన్ను మూలకు పెడతనంటే నేనెందుకు ఊకుంట? దీన్ని సుత బయటికి గుంజుత" అంది.

గుంజడానికి ఏళ్లు పట్టింది. చెదలు తిన్న చెక్క చట్రాన్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌లో స్టాళ్లు కట్టే వడ్రంగితో చేయించింది. దొరకని సామాను చాచా ఏ లారీదో, ఏ ట్రాక్టరుదో తెచ్చి అరగదీసి అమర్చేవాడు. సీట్ల తోలు చీలికలైతే, ఆటో సీట్లు కుట్టేవాళ్ల దగ్గర ఎర్ర రెగ్జిన్ వేయించింది. చాచాకూ ఆమెకూ రోజూ గొడవే. అద్దం దగ్గరైతే పెద్ద గొడవ.

"మేడమ్, ఈ అద్దం గలత్ ఉంది. రోడ్డు కనబడతలే, సీటు కనబడుతుంది. కట్ చేసి సీదా పెడతా."

"ముట్టకు. రోడ్డు చూడనీకి బయట ఇంకో అద్దం పెట్టు. లోపలిది మనోళ్లను చూసుకోనీకి."

"దునియాల గట్ల ఏ బండికి లేదు!"

"దునియాల బండ్లన్నీ మా నాయిన నడిపిండా?"

చాచా నెత్తి కొట్టుకొని బయట ఇంకో అద్దం పెట్టాడు. బండి మొదటిసారి స్టార్ట్ అయిన రోజు గల్లీ అంతా పొగ. దగ్గుతూనే అందరూ చప్పట్లు కొట్టారు. అత్తమ్మ మాత్రం స్టీరింగు మీద తల ఆనించింది.

ఆ తర్వాత నాంపల్లిలో మా చుట్టుపక్కల ఏ ఆడపిల్ల పెళ్లయినా ఆ బండే. చర్చికీ, ఫంక్షన్ హాలుకూ, ఎక్కడికైనా అత్తమ్మే నడిపేది. కిరాయి అంటే కోప్పడేది. పర్దాల ఇత్తడి కడ్డీలకు బంతిపూల దండలు కట్టేవాళ్లు. పెళ్లికూతుళ్లు ముందుకు వంగి ఆ అద్దంలో జడ సర్దుకునేవాళ్లు. బొట్టు సరిగ్గా లేదని నుదుటి స్టిక్కరు తీసి, ఇంకోటి పెట్టుకొని, తీసినదాన్ని మనం ఇంట్లో చేసినట్టే ఆ అద్దం అంచుకు అంటించేవాళ్లు. ఎన్నడూ బొట్టే పెట్టుకోని మా అత్తమ్మ అద్దం చుట్టూ ఎర్రవీ, మెరూన్‌వీ, ముత్యం కొసవీ, ఎవరెవరివో బొట్లు. ఒక్కటి కూడా తీయనిచ్చేది కాదు. "రాజేశ్వరిది ఇది, దాని చెల్లెది గిది" అని చూపించేది.

ఇక అసలు పోట్లాట. నాంపల్లి గ్రౌండులో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. ఎవరో చెప్పగా విని నిర్వాహకులు ఇంటికొచ్చి మరీ పిలిచారు. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని బండి తోలుకెళ్లింది, నేను పక్కన కూర్చున్నాను. జడ్జీలు చుట్టూ తిరిగారు, వంగి చూశారు, ఇంజను చూసి ముచ్చటపడ్డారు. అందులో ఒకాయన, మర్యాదస్తుడే, టోపీ తీసి మాట్లాడాడు.

"మేడమ్, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఫస్టు ప్రైజు మీదే. కాకపోతే బండి ఒరిజినల్‌గా ఉండాలి. రెగ్జిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అద్దం తీసేయండి, పర్దాలు కట్టించండి. బోర్డు మీద దేవిడీ పేరు రాయిస్తాం."

"మా నాయిన పేరు ఏడ రాస్తరు?"

"డ్రైవరు పేరు ఎవరూ రాయరు కదండీ."

"డ్రైవర్ కాదు, ఓనర్. వాళ్ల దగ్గర కంటే మా ఇంట్లనే ఎక్కువ ఏండ్లున్నది ఈ బండి. ఒరిజినల్ అంటే ఏంది సార్? మొదాలు ఎవల చేతుల ఉంటే గదేనా? గట్లయితే నేను పుట్టినప్పుడు ఒరిజినల్, పండ్లూడినంక డూప్లికేటా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. "పోనీ ఆ స్టిక్కర్లైనా గీకేయించండి" అన్నాడు.

"తీసేది లేదు" అంది అత్తమ్మ. "అద్దం తీసేది లేదు, బొట్లు తీసేది లేదు, పర్దా కట్టేది లేదు."

మా బండిని ప్రదర్శన చుట్టూ కట్టిన తాడు అవతల, చూడ్డానికి వచ్చినవాళ్ల స్కూటర్ల పక్కన పెట్టించారు. లోపలి బండ్లను ముట్టుకోనివ్వరు. మాదాన్ని మాత్రం అందరూ ఎక్కారు. సాయంత్రం వెనక సీటు నిండా ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను ఎక్కించుకొని, అత్తమ్మ హారను కొట్టుకుంటూ ఆబిడ్స్ అంతా ఒక చుట్టు తిప్పింది. వెనక బస్సులన్నీ ఆగిపోయాయి. ఒక కండక్టరు తిట్టడానికి తల బయటపెట్టి, బండిని చూసి సలాం కొట్టాడు.

ఇంటికొచ్చి షెడ్డులో పెట్టాక మాత్రం ఆమె వెనక సీట్లో కూలబడి ఏడ్చింది. "నాయిన పేరొక్కటి రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది పిల్లా?" అంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. మర్నాడు ఆమె తన క్లాసుకు పోయి, మిగిలిన ఒక్క మిషన్ మీద, గట్టి అట్ట మీద తాత పేరు పెద్దక్షరాల్లో టైపు చేసి, కింద ‘ఓనర్’ అని కొట్టి తెచ్చింది. బండి ముందు గాజు వెనక ఆ అట్ట ఇప్పటికీ ఉంది. సిరా కాస్త వెలిసింది.

ఆ తర్వాత కూడా కొంటామని ఏడాదికొకరైనా వచ్చేవాళ్లు. ప్రతి ఒక్కరూ అద్దం మాటే ఎత్తేవాళ్లు. అత్తమ్మ చాయ్ ఇచ్చి పంపేది. బండి తోలడం నాకు నేర్పిన రోజున చెప్పింది. "నా తర్వాత నీదే. ఉంచుకుంటవో అమ్ముకుంటవో నీ ఇష్టం. అద్దం తీసెటోనికి మాత్రం అమ్మకు."

అందుకని ఫోన్లు చేసే పెద్దమనుషులకు నా జవాబు ఇది. బండి ఒరిజినలే. ఏది ఒరిజినలో మాకు తెలుసు. మీకు కావాల్సింది వేరే బండి. అది మా తాత పర్దాలు విప్పిన రోజే లేకుండా పోయింది.

సమాధుల తోటకు పోయిన రోజున అత్తమ్మ పెట్టె ముందు వ్యానులో వెళ్లింది. వెనక నేను తాత బండి తోలాను, చాచా నా పక్కన కూర్చొని ఇంజనును బతిమాలుతూ ఉన్నాడు. వెనక సీట్లో పట్టినంత మంది ఆడవాళ్లు, ఒకరి ఒళ్లో ఒకరు. అద్దంలో రోడ్డు కనబడలేదు. ఏడ్చి ఉబ్బిన మొహాలన్నీ కనబడ్డాయి. ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఎవరో అత్తమ్మ గొంతు అనుకరించారు, "వేళ్లను చూడకు పిల్లా" అని. అందరూ ఒక్కసారి నవ్వారు, ఆ నవ్వు కూడా అద్దంలో కనబడింది.

తిరిగొచ్చి గల్లీలో ఆగాక ఒక్కొక్కరూ దిగారు. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ అద్దంలోకి చూశారు. "వస్తం బిడ్డా" అన్నారు. ఎవరికీ గుర్తుచేయాల్సిన పని పడలేదు. ఆఖరున మిగిలింది రాజేశ్వరి. అప్పుడెప్పుడో ఈ బండిలోనే పెళ్లికి పోయిన పిల్ల, ఇప్పుడు జుట్టు నెరిసింది. చావు నుంచి వచ్చాం కదా, మొహం కడుక్కోవాలని నుదుటి స్టిక్కరు తీసి, అలవాటుగా అద్దం అంచుకు అంటించి, "వస్త" అని దిగి నల్లా దగ్గరికి పోయింది.

మొహం కడుక్కొని అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయింది. స్టిక్కరు అక్కడే ఉంది.