సుగుణక్క ఎదుట నేనన్న మాట

ఈ రోజు పొద్దున రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో నా నోటి దురుసుతో ఒక మంచి మనిషిని బాధపెట్టాను.

అందరూ గొప్పగా చెప్పుకునే ఒక క్రైమ్ సిరీస్‌ని రెండోసారి చూస్తున్నాను. మా ఆఫీసులోనే పనిచేసే రమ కూడా చూస్తోంది. అందులో హంతకుడి భార్యకు మొగుడి సంగతి ముందే తెలుసా, తెలియదా అని వారం రోజులుగా మా ఇద్దరికీ వాదన. పాపం ఆవిడకేం తెలియదని రమ అంటుంది.

"పన్నెండేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేసి తెలియకుండా ఎలా ఉంటుందే? అంతా నటన. ఆవిణ్ణి కూడా లోపల వెయ్యాల్సింది," అని ఈ రోజు రైల్లో పక్కనే కూర్చున్న రమతో అన్నాను.

ఎదురు సీట్లో సుగుణక్క కూర్చుని ఉంది. ఆమె టీచరు, రోజూ మాతోపాటే ప్రయాణం. నకిలీ సర్టిఫికెట్ల కేసులో ఆమె భర్తను పోలీసులు తీసుకెళ్లి ఇంకా ఏడాది కాలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. వాదనలో పడి మర్చిపోయాను.

రమ నా కాలు తొక్కింది. సుగుణక్క కిటికీ వైపే చూస్తూ, "నాకు నిజంగా తెలియలేదమ్మా," అంది.

తెనాలిలో దిగాక ఆమె వెనకాలే పరిగెత్తాను. "అక్కా, నేనన్నది సిరీస్‌లో ఆవిడ గురించి."

"తెలుసమ్మా. ఊళ్లో నా గురించి అనుకునేది కూడా అదేగా," అని ఆటో ఎక్కింది.

క్షమించమని అడగాల్సిన చోట సంజాయిషీ చెప్పుకున్నానని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఇప్పుడే ఫోన్ చేయాలా, రేపు ఎదురుగా నిలబడి అడగాలా? మీరైతే ఏం చేస్తారు?