చప్పుడు ఆఖర్న వస్తుంది

మంచుకొండలు సముద్రంలోకి కూలిన మహాగాథ ఒకటి చెబుతాను, కాచుకోండి. నిజానికి నేను చూసింది తొంభైల్లో, కూలికి పోయిన అరబ్బు దేశంలో, అల్ అమెరాత్‌లోని మా రూమ్ టీవీలో, ఓ శుక్రవారం మధ్యాహ్నం, పప్పు ఉడికేలోగా.

ఇంగ్లీషు కార్యక్రమం అది. ఇంటర్ తప్పేంత ఇంగ్లీషు వచ్చు కాబట్టి అర్థం చెప్పే డ్యూటీ నాది. మంచు నదిలా మెల్లగా జారుతూ సముద్రం దాకా వస్తుందట. అక్కడ ఉప్పునీళ్లు దాని అడుగును కరిగించి తినేస్తాయి. పైభాగం పగుళ్లతో వేలాడి, ఒకనాడు మేడంత ముక్క విరిగి పడుతుంది.

"మన సైటే. కాకపోతే ఏసీ ఉంది," అన్నాను. మామ తప్ప అందరూ నవ్వారు.

మామ నాకు చుట్టమేం కాదు. రూమ్‌లో పెద్దవాడు, జగిత్యాల వైపు మనిషి, అందరికీ మామే. సైట్‌లో గుట్టను పైనుంచి తవ్వితే రెట్టింపు పని. అందుకని అడుగున గడ్డపారతో బొరియ చేస్తే, పైనున్న గరుసు మట్టి దానంతటదే కూలేది. ఆ బొరియలో దూరేది మామే. కూలేముందు మట్టి గుర్రుమంటుందని, అది విని బయటికి ఉరకడంలో తనంతటివాడు లేడని ఆయన గొప్ప.

టీవీలో మంచు చడీచప్పుడు లేకుండా పడింది. ఉరుము తర్వాత వినిపించింది.

"సప్పుడు ఎనుక అస్తదిరా," అన్నాడు మామ.

"దూరంనుంచి తీసిండ్రు మామా, అందుకే."

"మరి దగ్గరున్నోడు ఏమన్నడు?"

నేను పప్పు కలపడానికి లేచాను.

ఆ తర్వాత మామ గుట్టకు చెవి ఆనించి నిలబడేవాడు, లోపలికి మాత్రం పోడు. రూమ్‌లో నేను గిన్నె మూత పెడితే ఆ చప్పుడుకే లేచి నిల్చునేవాడు. మూడోరోజు ఫోర్‌మన్ హిందీలో తేల్చేశాడు: దూరకపోతే ఇంటికి టికెట్. మామ గడ్డపార అందుకున్నాడు. బొరియ ముందు ఆగి మళ్లీ గుట్టకు చెవి ఆనించాడు. గడ్డపార లాక్కుని నేనే దూరాను. వీరత్వం కాదు, ఆయన్నలా చూడలేక.

లోపల చల్లగా ఉంది. చెవులు రిక్కించాను. గుర్రుమనలేదు. అసలేమీ వినబడలేదు. ఆ ఏమీ లేకపోవడమే నన్ను పాకించి బయటపడేసింది.

నాటకాలంటూ ఫోర్‌మన్ తనే తల దూర్చాడు. కాసేపు విన్నాడు. తల బయటికి తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, పైనుంచే తవ్వమన్నాడు.

పైకెక్కాలంటే నిచ్చెన కావాలి, ఇన్నాళ్లూ దాని అవసరమే రాలేదు. స్టోర్‌లో ఉన్నది రెండడుగులు పొట్టిది.