దేవుడి దగ్గరి ఉమ్మెత్త

పరాయి దేశంలో, కార్లో అనే ఊళ్ళో మా పెరటి తలుపు తీయగానే, నెల రోజులు ఉతకని మేజోళ్ళలో పల్లీలు మురగబెట్టినట్టున్న ఒక వాసన ముక్కుకు తగిలి, ఈ దేశపు వాన ఎంత కడిగినా వదలక, నన్ను పిట్టలకు గింజలు పోసే గిన్నె కిందికి నడిపించింది. అక్కడ, ఆ గింజల్లో దాగి వచ్చి, మోకాలెత్తు పెరిగి, తెల్లటి బూరా పువ్వును నా వైపు తిప్పి ఉమ్మెత్త నిలబడి ఉంది. వీసా చూపించమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అనంతపురం జిల్లాలో మా ఊరి పొలిమేర దాకా వచ్చిన మేఘాలు దారి తప్పామని మన్నింపు కోరి వెనక్కి పోయేవి. బావిలో నీళ్ళ కంటే కప్పలు ఎక్కువ, కప్పల కంటే వాటి ఆశ ఎక్కువ. జిల్లేడు సైతం తల వేలాడేసే ఆ ఎండలో ఉమ్మెత్త ఒక్కటే కన్నెర్ర చేసినట్టు పచ్చగా ఉండేది. ఎన్నికల కాగితాలను జిగురుతో సహా నమిలే మా మేకలు దాని ముందు మూతి తిప్పుకుని, దాదాపు దండం పెట్టి, పక్కకు తప్పుకునేవి.

నాన్నను కన్న మా జేజి మాత్రం దాని ఆకుకు ఆముదం రాసి, వెచ్చచేసి ఊరందరి మోకాళ్ళకూ కట్టేది. తన ఉబ్బసానికి ఎండుటాకు నిప్పుల మీద వేసి ఆ పొగ పీల్చేది. కోసేముందు మొక్కను మునివేళ్ళతో తాకి, "తల్లీ, మందంత మటుకే ఇయ్యి" అని బతిమాలేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వినాయక చవితి నాడు, బెల్లమూ యాలకులూ కలిసిన ఆవిరిలో ఇల్లంతా ఉడుకుతుంటే, జేజి ఊపిరి మాత్రం గుంతకల్లు బండిలా ఈల వేస్తూ ఉంది. ఇరవయ్యొక్క రకాల పత్రి తెచ్చిన వీరుణ్ణి నేనే, అందులో ఉమ్మెత్తా ఉంది. పూజ అయ్యాక అమ్మ తులసి కషాయం గ్లాసు నా చేతికిచ్చి జేజికి ఇచ్చి రమ్మంది. దేవుడి పాదాల దగ్గరిది ప్రసాదం, ప్రసాదంలో విషమెక్కడుంటుంది? ఆ తర్కంతో పీట మీది ఉమ్మెత్తాకులన్నీ చించి కషాయంలో నలిపి కలిపాను. జేజి ఒక గుక్క తాగి నా ముఖం చూసింది. తరువాత గ్లాసు ఖాళీ చేసింది.

ఉండ్రాళ్ళు చల్లారేలోపు ఆమె ముఖం పండుమిరపకాయ అయింది. నల్లగుడ్డు పెరిగి పెరిగి కన్నంతటినీ మింగేసింది. గాలిలో వేరుశనక్కాయలు ఒలిచి, దోసిలి పట్టి, "తీసుకోరా, నీకే" అంది. ఆ దోసిట్లో ఏమీ లేదు. ఎప్పుడో పోయిన తన అత్తతో, వాకిలి వైపు చూస్తూ, "వస్తాండా అత్తా, పిల్లోనికి పెట్టేసి వస్తా" అంది. నేను కూడా వాకిలి వైపు చూశాను.

"ఏం పోసినావురా?" అన్నాడు నాన్న.

"దేవుని దగ్గరిదే నాయనా."

ట్రాక్టరులో చాపేసి టౌను ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడు రోజులు కుడుములను చీమలు కూడా ముట్టలేదు, లేదా నాకు అలా కనబడింది. నాలుగో రోజు జేజి తిరిగి వచ్చి నన్ను దగ్గరికి పిలిచింది. "చేదు తెలిసిందిరా. నువ్వు తెచ్చినావని తాగినా." ఎవరూ కొట్టలేదు, కొట్టి ఉంటే బాగుండేది. ఆ తరువాత ఆమె ఉమ్మెత్తను గడప దాటనివ్వలేదు. పొగ పట్టుకోమని అమ్మ ఎంత చెప్పినా, "పిల్లోడుండే ఇంట్లో వద్దులే" అని స్తంభానికి ఆనుకుని కూర్చుని ఈల వేసేది.

ఇప్పుడు నేను చేతికి సంచీ తొడుక్కుని మొక్కను వేళ్ళతో సహా పీకుతుంటే, మా అమ్మాయి వెనకాల నిలబడి, "ఇట్స్ గ్రాండ్, డాడ్, ఇట్స్ ఓన్లీ అ ఫ్లవర్" అంది. ఇక్కడి వాళ్ళ నోట గ్రాండ్ అంటే ఫర్వాలేదని. జరిగినదంతా చెప్పాను.

"డిడ్ షీ డై?"

"లేదమ్మా. ఇంకా పదకొండేళ్ళు బతికింది."

ఎలా బతికిందో చెప్పలేదు. మా ఊళ్ళో ఉమ్మెత్త మొలిచే బీడు ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. ఏ వయసు ఆకు, ఎంత పొగ, ఎక్కడ ఆపాలి అన్నది తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. జేజి నాకు నేర్పవలసింది. ఆ పండగ తరువాత ఆమె నేర్పలేదు, నేను అడగలేదు.