గాజుగోడ వెనక మామగారు

రాజమండ్రిలో, మా ఇంట్లోనే, నా పరువు ఎంత తడితడిగా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, పర్లేదు. మావాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మా పడగ్గదికి ఆనుకున్న బాత్రూమ్ పాతకాలంది. రంగు వెలిసిన టైల్స్, తిప్పితే మూలిగే కుళాయి. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ నాకు మతిపోయింది. "స్నానాలగదంటే మనసు సేదతీరాలి!" అని ఉపన్యాసమిచ్చి, అంతా పగలగొట్టించి, మధ్యగోడ తీయించి గాజు పెట్టించాను. మామూలు గాజు కాదండోయ్! ఊరికే ఉంటే పాలలా తెల్లగా ఉంటుంది, రిమోట్ నొక్కితే అవతలిదంతా కనిపిస్తుంది.

"లోపల మనిషుండగా ఎవరైనా నొక్కితే?" అంది మా ఆవిడ.

"ఎవరు నొక్కుతారు? రిమోట్ నా జేబులోనే ఉంటుందిగా!"

ప్రమాదమంతా ఆ జేబులోనే ఉందని నాకేం తెలుసు?

ఇంతలో మండపేట నుంచి మామగారొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆయన స్నానానికెళ్లిన సంగతి నేను చూసుకోలేదు. పక్కింటి సూరిబాబుగారిని, వాళ్లావిడని మా బాత్రూమ్ వైభవం చూపిద్దామని పిలుచుకొచ్చాను. లోపల నీళ్ల చప్పుడైనా లేదు.

"ఇదేంటండీ, ఉత్త తెల్లగోడేగా?" అన్నారు సూరిబాబుగారు.

"అలా చూస్తూ ఉండండి!" అని గారడీవాడిలా నొక్కాను.

గోడ మాయమైంది. తలనిండా సబ్బునురగతో, మంచుకొండలా మామగారు ప్రత్యక్షమయ్యారు. నడుముకి తువ్వాలు, అది జారకుండా ఎడమచెయ్యి. నా చేతిలోని రిమోట్ జారి మంచం కిందికి పోయింది. నేనూ దాని వెనకే దూరాను.

ఆయన మర్యాదస్తులు. మనిషి కనిపిస్తే పలకరించకుండా ఉండలేరు.

"నమస్కారమండీ! కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తాను!"

"పర్లేదండి, నిదానంగా కానివ్వండి," అన్నారు సూరిబాబుగారు, సీలింగు ఫ్యాను వంక చూస్తూ.

నమస్కారానికి రెండు చేతులూ కావాలి. తువ్వాలుకి ఒక్కటైనా కావాలి.

"అయ్యో, పొయ్యిమీద పాలు!" అంటూ సూరిబాబుగారి ఆవిడ పరుగు. మా ఆవిడ దుప్పటి పట్టుకుని గాజుకి అడ్డం నిలబడింది. నాకు రిమోట్ దొరికింది, గోడ తెల్లబడింది, కానీ మంచం కింద నుంచి బయటికి రావడానికి మొహమే దొరకలేదు.

కాసేపటికి మామగారు పంచె కట్టుకుని వచ్చి, వంగి మంచం కిందికి తొంగి చూశారు.

"అల్లుడుగారూ, బాత్రూమ్ చాలా బాగుందండి. కాస్త వెలుతురే ఎక్కువైంది."

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను బతికుండగా మా ఇంట్లో గోడంటే ఇటుకా సిమెంటే. దాని అవతల ఏముందో ఎవరు అడిగినా చూపించను.

సూరిబాబుగారు మాత్రం మళ్లీ అడగలేదు.